స్టూడెంట్ ఫిలిం ఓపెనింగ్‌కి జానర్ ఎంచుకోవడం ఎలా? మొదటి చర్చ నుంచి స్టోరీబోర్డు దాకా

రెండు నిమిషాల ఫిలిం ఓపెనింగ్ తీయమని క్లాసులో చెప్పగానే గ్రూపులో గొడవ జానర్ (సినిమా ఏ రకమన్నది) దగ్గరే మొదలవుతుంది. ఒకరు హారర్ అంటారు, ఇంకొకరు గ్యాంగ్‌స్టర్ కథ అంటారు, మూడోవాళ్లు ఏదైనా సరే అంటారు. వారం అక్కడే పోతుంది. చివరికి ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల అభిమాన సినిమా జానరే ఖాయమవుతుంది.

నేను చెప్పే క్రమం వేరు. మీకు ఏ చోటు, ఏ మనుషులు, ఏ శబ్దాలు దొరుకుతాయో ముందు లెక్క చూసుకోండి. వాటితో రెండు నిమిషాల్లో చూసేవాళ్ల మనసులో ఒక ప్రశ్న పుట్టించగల జానర్ ఏదో తేల్చుకోండి. మీ ఇష్టాన్ని అన్నిటికన్నా చివర, మిగిలిన రెండు మూడింటిలో ఒకటి ఎంచుకోవడానికి వాడండి.

## 1. నియమాల కాగితం గ్రూపంతా కలిసి చదవండి

ఒక్కరు చదివి మిగతావాళ్లకు చెప్పడం కుదరదు. గట్టిగా చదువుతూ ఒక్కో షరతు పక్కన టిక్ పెట్టండి.

కేంబ్రిడ్జ్ ఇంటర్నేషనల్ మీడియా స్టడీస్ (9607) చదివేవాళ్లకు ఈ పని ఒక కొత్త కథాచిత్రానికి ఓపెనింగ్‌గా వస్తుంది. టైటిల్స్‌తో కలిపి రెండు నిమిషాలు దాటకూడదు. దృశ్యాలు, మాటలు మీరే తీయాలి. సంగీతం, సౌండ్ ఎఫెక్టులు మాత్రం కాపీరైట్ ఇబ్బంది లేని చోటి నుంచి తెచ్చుకోవచ్చు, ఎక్కడివో రాయాలి. ఇక్కడ మాస్ కమ్యూనికేషన్ కోర్సుల్లో ఒక్కో కాలేజీ ఒక్కో షరతు పెడుతుంది. ఏదైనా సరే, ఈ అయిదూ ముందే తెలియాలి:

- గరిష్ఠ నిడివి ఎంత? టైటిల్స్ అందులో కలిసే ఉన్నాయా?
- తీయమన్నది ఓపెనింగా, ట్రైలరా, పూర్తి షార్ట్ ఫిలిమా?
- గ్రూపులో ఎంతమంది? నటించడానికి బయటివాళ్లను తేవచ్చా?
- బయటి సంగీతం, స్టాక్ ఫుటేజ్ (వేరేవాళ్లు తీసిపెట్టిన రెడీమేడ్ దృశ్యాలు) విషయంలో ఏమన్నారు?
- ఎందుకు ఈ జానర్ తీసుకున్నారో, ఎలా పరిశోధించారో రాసి ఇవ్వాలా?

రెండో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. ట్రైలర్‌లో కథలోని మంచి ముక్కలన్నీ ఏరి చూపిస్తారు. ఓపెనింగ్ అలా ఉండకూడదు. ఇది ఎలాంటి సినిమానో చెప్పి, తర్వాత ఏమవుతుందోనని చూసేవాళ్లను కూర్చోబెట్టాలి. షార్ట్ ఫిలింలా కథ ముగిస్తే మార్కులు పోతాయి.

## 2. చేతిలో ఉన్నవన్నీ రాసుకోండి

కథ గురించి ఒక్క మాట కూడా అనుకోకముందే ఈ జాబితా తయారవ్వాలి. "అడిగితే ఇస్తారేమో" అనుకునేవి రాయకండి. ఈ నెలలో ఖాయంగా దొరికేవే రాయండి.

చోట్లు. అపార్ట్‌మెంట్ సెల్లార్, లిఫ్టు, మెట్లు, డాబా మీద నీళ్ల ట్యాంకులు, అమ్మమ్మగారి ఊళ్లో పెంకుటిల్లు, బాబాయి కిరాణా కొట్టు, సెలవు రోజు ఖాళీగా ఉండే ల్యాబ్. ప్రతిదాని పక్కన ఎవరిని అడగాలో, ఏ వేళల్లో ఖాళీయో, ప్లగ్ పాయింట్ ఉందో లేదో రాయండి.

మనుషులు. కెమెరా ముందు ఎవరు బిగుసుకుపోరు? పాతికేళ్లు దాటినవాళ్లు ఎవరైనా నటిస్తారా? అందరూ పద్దెనిమిదేళ్లవాళ్లే అయితే సీఐ, తండ్రి, డాక్టర్ పాత్రలు మర్చిపోండి. అతికించిన మీసం క్లోజప్‌లో నిలవదు. నటించడానికి ఒప్పుకునే అమ్మమ్మో మేనత్తో ఉంటే, చాలా గ్రూపుల దగ్గర లేనిది మీ దగ్గర ఉన్నట్టే.

శబ్దాలు. ఈ వరుస ఎవరూ రాయరు. మీరు రాయండి. బోరు మోటారు, కుక్కర్ విజిల్, ఇనుప గేటు కీచు, చప్పుడు చేసే పాత ఫ్యాను, దూరంగా గుడి మైకు, లిఫ్టు తలుపు మూయనప్పుడు వచ్చే అనౌన్స్‌మెంట్. జానర్‌ని ప్రేక్షకుడికి అన్నిటికన్నా ముందు పట్టించేది శబ్దమే.

వస్తువులు. పాత అంబాసిడర్, తాతగారి రేడియో, నిప్పుపెట్టెల సేకరణ, హార్మోనియం, ఏదైనా సరే. అద్దెకు తెచ్చినవాటికన్నా ఇంట్లో అరిగిపోయిన వస్తువు తెరమీద బాగుంటుంది.

పరికరాలు. ఫోన్లు, ట్రైపాడ్, కాలర్ మైక్, ఎడిటింగ్‌కి పనికొచ్చే లాప్‌టాప్. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఈ స్థాయి పనికి సరిపోతుంది.

## 3. జానర్లను ఈ జాబితా పక్కన పెట్టి చూడండి

థ్రిల్లర్. ఏమీ తోచకపోతే నేను ముందు సూచించేది ఇదే. థ్రిల్లర్‌లో పని అంతా సమాచారం దాచడమే, దాచడానికి డబ్బు ఖర్చవదు. పగటి వెలుతురులో, ఒకే ఇంట్లో, ఇద్దరు మనుషులతో తీయొచ్చు. మొహాలు పూర్తిగా చూపించక్కర్లేదు కాబట్టి నటన భారం కూడా తక్కువ.

అందరూ చేసే పొరపాటు వెంబడింపుతో మొదలుపెట్టడం. నల్ల హుడీ వేసుకున్నవాడు కారిడార్‌లో పరుగెత్తే అమ్మాయి వెంటపడతాడు. ఆ అమ్మాయి ఎవరో తెలియకుండా ఆమె కోసం ఎవరూ భయపడరు. మొదటి ముప్పై సెకన్లలో ఆమెకొక చిన్న పని ఇవ్వండి: ఫీజు కట్టడానికి తెచ్చిన నోట్లు లెక్కపెట్టుకోవడం, ఊరికి ఫోన్ చేసి బస్సెక్కానని అబద్ధం చెప్పడం. ఆ తర్వాత వచ్చే అడుగుల చప్పుడుకి విలువ వస్తుంది.

హారర్. అందరూ కోరుకునేది, ఎక్కువమంది పాడుచేసుకునేది ఇదే. ఇబ్బంది రాత్రి వెలుతురుతో. చీకట్లో ఫోన్ కెమెరా ఐఎస్ఓని (వెలుతురుని ఎంతగా పెంచి చూపాలో చెప్పే అంకెని) పెంచేస్తుంది, బొమ్మంతా చుక్కలు చుక్కలుగా వస్తుంది, నలుపు కాస్తా బూడిద రంగవుతుంది. అర్ధరాత్రి తీయడం మానేయండి. సూర్యుడు అస్తమించాక ఆకాశం నీలంగా ఉండే కాసేపటిలో బయటి షాట్లు తీయండి. లోపలి షాట్లకు పగలే కర్టెన్లు వేసి, ఒక్క లైటు పక్కనుంచి పెట్టండి. దెయ్యాన్ని చూపించకండి. తెల్ల చీర, జుట్టు విరబోసుకోవడం చూడగానే క్లాసంతా నవ్వుతుంది. ఎవరూ లేని గదిలో ఫ్యాను రెగ్యులేటర్ ఒక అంకె ముందుకు జరిగితే చాలు.

మీ శబ్దాల జాబితా పెద్దదై, గ్రూపులో సౌండ్ మీద ఓపిగ్గా కూర్చునేవాళ్లు ఒకరుంటే హారర్ తీసుకోండి. లేదంటే వద్దు.

ఫ్యామిలీ డ్రామా. విద్యార్థులు దీన్ని చిన్నచూపు చూస్తారు. అది నాకు బాధగా ఉంటుంది. పెద్దవాళ్లు నటిస్తే ఇంతకన్నా బలమైన ఓపెనింగ్ ఇంకోటి రాదు. కష్టమల్లా రెండు నిమిషాల్లో ప్రశ్న పుట్టించడమే. భోజనాల దగ్గర ఒక ప్లేటు ఎక్కువ పెట్టి, ఎవరూ మాట్లాడకుండా దాన్ని తీసేశారంటే ప్రశ్న పుట్టినట్టే.

కామెడీ. మీ గ్రూపులో సహజంగా మాట్లాడే మనిషి, అదీ తన ఊరి యాసలో మాట్లాడే మనిషి ఉంటేనే. కరీంనగర్ అబ్బాయిని గోదావరి యాసలో మాట్లాడించి నవ్వు రాబట్టాలనుకోవద్దు. పంచ్ డైలాగుల మీద ఆధారపడకండి, ఇరుక్కుపోయిన పరిస్థితి మీద ఆధారపడండి. ఎడిటింగ్‌లో నాలుగు ఫ్రేములు అటూ ఇటూ అయినా నవ్వు పోతుంది కాబట్టి రెండు రోజులు అదనంగా ఉంచుకోండి.

ప్రేమకథ. ఇద్దరు నటులు ఒకరి పక్కన ఒకరు ఇబ్బంది పడకుండా నిలబడగలరా? గలరంటే చూడొచ్చు. స్లో మోషన్, గాలికి ఎగిరే చున్నీ, పుస్తకాలు కిందపడటం వద్దు.

క్రైమ్, యాక్షన్. బొమ్మ తుపాకీనైనా వీధిలో బయటికి తీయొద్దు. చూసినవాళ్లకు అది బొమ్మని తెలియదు. బ్రిటన్‌లో చదువుతున్నవాళ్లయితే స్థానిక పోలీసులకు ముందే చెప్పాలి. ఆయుధం లేకుండా నేరం చూపించే దారి వెతకండి: మెకానిక్ షెడ్డులో కారు నంబరు ప్లేటు మారుస్తున్న రెండు చేతులు చాలు.

సైన్స్ ఫిక్షన్, పీరియడ్ (పాతకాలం కథ). పెంకుటిల్లు దొరికింది కదాని 1960ల కథ అనుకోకండి. ఫ్రేములోకి డిష్ యాంటెన్నా, కరెంటు మీటరు, ప్లాస్టిక్ కుర్చీ వస్తూనే ఉంటాయి. సైన్స్ ఫిక్షన్ అయితే ఒక్క మార్పుతో ఆపండి, మిగతా లోకమంతా ఇప్పటిలాగే ఉండనివ్వండి.

ఈ దశ అయ్యేసరికి మూడు జానర్లకు మించి మిగలకూడదు.

## 4. ఒకే సంఘటనను మిగిలిన జానర్లలో రాసి చూడండి

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగే పాటించే తీరిక ఉంటే ఇది పాటించండి. మామూలు సంఘటన ఒకటి తీసుకుని, మిగిలిన ప్రతి జానర్‌లో అయిదారు షాట్లుగా రాయండి.

ఉదాహరణకి: స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి, వంటగదిలో ఎవరూ లేరు.

*థ్రిల్లర్‌లో:* పాలగిన్నె దగ్గరగా. నురుగు అంచుదాకా వస్తుంది. వీధి తలుపు తాళం తిరిగే చప్పుడు. కాలేజీ బ్యాగుతో అమ్మాయి లోపలికి వచ్చి, "అమ్మా, పాలు" అని అరుస్తుంది. జవాబు రాదు. గ్యాస్ కట్టేస్తుంది. గట్టు మీద రెండు టీ గ్లాసులు. అమ్మ టీ తాగదు. టైటిల్.

*హారర్‌లో:* అదే అమ్మాయి గ్యాస్ కట్టేసి, గిన్నె కడిగి బోర్లిస్తుంది. గదిలోకి వెళ్లి బ్యాగు విప్పుతుంది. వెనక నుంచి లైటర్ టిక్ టిక్. పాలు మరుగుతున్న చప్పుడు మళ్లీ మొదలవుతుంది. కెమెరా ఆమె మొహం మీదే ఉంటుంది, వంటగదిని చూపించం.

*కామెడీలో:* పాలు పొంగి గట్టు మీద నుంచి కారుతుంటాయి. పక్క గదిలో కొడుకు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పడుకున్నాడు, నాన్న పేపర్ చదువుతున్నాడు, నాన్నమ్మ సీరియల్ చూస్తోంది. ముగ్గురికీ వాసన వచ్చింది. ముగ్గురూ ఎవరో ఒకరు లేస్తారని చూస్తున్నారు.

*ఫ్యామిలీ డ్రామాలో:* ఖాళీ ఇల్లు, గుమ్మానికి మామిడి తోరణం, నేల మీద ఇటుకల పొయ్యి. గృహప్రవేశం. పాలు పొంగాయి, అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన ఒక్కడు ఫోన్‌లో బ్యాంకు మెసేజ్ చూసి జేబులో పెట్టేసుకున్నాడు.

గిన్నె, అరలీటరు పాలు అన్నిట్లోనూ అవే. ఏది రాస్తున్నప్పుడు మీ గ్రూపులో వాళ్లు "తర్వాతేంటి" అని అడిగారో గుర్తుపెట్టుకోండి. నాలుగో షాట్ తర్వాత ఏం రాయాలో తోచని జానర్‌ని వదిలేయండి.

## 5. ఆ జానర్ ఓపెనింగులు పనికొచ్చే పద్ధతిలో చూడండి

ఎంచుకున్న జానర్‌లో అయిదు సినిమాలు తీసుకుని మొదటి మూడు నిమిషాలే చూడండి. ఒక్కోటి మూడుసార్లు: మామూలుగా ఒకసారి, శబ్దం పూర్తిగా తీసేసి ఒకసారి, తెర వైపు చూడకుండా వింటూ ఒకసారి. కాగితం మీద ఇవి రాయండి:

- మొదటి మనిషి మొహం ఎన్నో సెకనులో కనిపించింది?
- మొదటి నిమిషంలో ఎన్ని కట్‌లు?
- మొదటి మాట ఎప్పుడు వచ్చింది?
- జానర్ ఏదో మీకు తెలిసింది ఏ క్షణంలో? బొమ్మ వల్లా, శబ్దం వల్లా, అక్షరాల వల్లా?
- చివరికి మిగిలిన ప్రశ్న ఏమిటి?

అయిదింటిలోనూ ఒకేలా ఉన్నవి ఆ జానర్ ఆనవాళ్లు. వాటిలో మూడు మీరు వాడుకోండి, ఒకటి కావాలని మార్చండి. అన్నీ పాటిస్తే ఎక్కడో చూసినట్టుంటుంది, అన్నీ మారిస్తే జానర్ ఏదో ఎవరికీ తెలియదు.

ఇక్కడే జానర్‌ని ఇంకొంచెం సన్నగా కొయ్యండి. "థ్రిల్లర్" అంటే షాట్లు తోచవు. "హాస్టల్ థ్రిల్లర్", "ఇంట్లోకి ఎవరో వచ్చిన థ్రిల్లర్" అంటే వెంటనే తోస్తాయి. రెండు జానర్లు కలపాలనుకుంటే ఒకదాన్ని ప్రధానంగా ఉంచి రెండోదాన్ని వాసనగా మాత్రమే తగలనివ్వండి. మూడు కలపకండి.

## 6. ఎవరికోసమో తేల్చండి, లైన్ రాయండి

"అందరికీ" అని రాయొద్దు. మన సెన్సార్ బోర్డు 2024 నుంచి యూఏ సర్టిఫికెట్‌ని వయసును బట్టి 7+, 13+, 16+ అని మూడుగా విడదీసింది. మీ సినిమా ఎందులోకి వస్తుందో నిర్ణయించుకుంటే రక్తం, తిట్లు, భయం ఎంతవరకు అన్నది దానంతటదే తేలుతుంది. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు అక్కడి 12ఏ, 15 వయసు రేటింగులు వాడుకోవచ్చు.

తర్వాత ఒక్క వాక్యంలో లైన్: ఎవరు, ఏం చేస్తుండగా, ఏం గమనించారు, చూసేవాళ్లకు మిగిలే ప్రశ్న ఏమిటి. "కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయి, ఇంట్లో లేని అమ్మ ఎవరికోసమో టీ పెట్టిందని గమనిస్తుంది, వచ్చిందెవరు?" గ్రూపులో ప్రతి ఒక్కరూ కాగితం చూడకుండా ఇదే లైన్ చెప్పగలగాలి. తలా ఒకలా చెబితే ఇంకా తేలలేదని అర్థం.

## 7. ఒక పూట టెస్ట్ షూట్ చేయండి

పూర్తి స్క్రిప్టు రాయకముందే, అసలు లొకేషన్‌లో, అసలు తీయబోయే వేళలో నాలుగు షాట్లు తీయండి: ఒక వైడ్, ఒక క్లోజప్, ఒక కదిలే షాట్, ఒక వస్తువు. నటులు దొరక్కపోతే గ్రూపువాళ్లే నిలబడండి.

సెకనుకు 25 ఫ్రేములు పెట్టి, షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే సమయం) సెకనులో 1/50 వంతుకి లాక్ చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద ఆ షట్టర్‌తో మినుకు రాదు. ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) కూడా లాక్ చేయండి. ఆటోలో వదిలేస్తే షాట్ మధ్యలోనే రంగు మారిపోతుంది.

వెళ్లేముందు అందరూ కదలకుండా నిలబడి, ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డ్ చేయండి. దీన్ని రూమ్ టోన్ అంటారు. ఇది లేకపోతే ఎడిటింగ్‌లో ప్రతి కట్ దగ్గర శబ్దం తెగినట్టు వినిపిస్తుంది. హారర్, థ్రిల్లర్‌లలో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఫ్రిజ్ స్విచ్ తీశారో లేదో చూసుకోండి, వచ్చేటప్పుడు మళ్లీ వేయండి.

ఆ నాలుగు షాట్లూ వరుసగా పేర్చి, కథ తెలియని ముగ్గురికి చూపించండి. ఒక్కటే అడగండి: "ఇది ఎలాంటి సినిమా?" ఇద్దరు సరిగ్గా చెబితే ముందుకెళ్లండి. చెప్పకపోతే జానర్ మార్చేముందు శబ్దం మార్చి మళ్లీ అడగండి. చాలాసార్లు అక్కడే సర్దుకుంటుంది.

## 8. టైటిల్స్ కూడా జానర్‌లో భాగమే

ఫాంట్ చివరి రాత్రి చూసుకోవద్దు. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలానే ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర బరువుగా ఉంటుంది, క్రైమ్‌కి నప్పుతుంది. మండలి సాదాగా ఉంటుంది, ఫ్యామిలీ డ్రామాకి బాగుంటుంది. రక్తం కారే అక్షరాలు ఏ జానర్‌కీ వద్దు.

కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు, గుణింతాలు విడిపోతాయి. "స్క్రీన్‌ప్లే" అని టైప్ చేసి మొదటిరోజే పరీక్షించండి. విడిపోతే అక్షరాలను వేరే సాఫ్ట్‌వేర్‌లో రాసి, బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీ బొమ్మలుగా తెచ్చుకోండి.

వరుస: నిర్మాణ సంస్థ, ముఖ్య నటులు, సినిమా పేరు, సంగీతం, ఎడిటింగ్, ఛాయాగ్రహణం, నిర్మాత, చివర దర్శకత్వం. ఒక్కోటి రెండున్నర సెకన్లు ఉన్నా ఎనిమిది కార్డులకు ఇరవై సెకన్లు పోతాయి. అందుకే టైటిల్స్ పడటానికి ఖాళీ ఉన్న ఫ్రేములు స్టోరీబోర్డులోనే (షాట్లను వరుసగా బొమ్మలుగా గీసుకునే కాగితంలోనే) గీసుకోవాలి.

## 9. తరచూ వచ్చే చిక్కులు, వాటికి దారులు

అలారంతో నిద్రలేవడం, పళ్లు తోముకోవడం. ఏ జానర్‌లోనైనా మొదటి ఇరవై సెకన్లు వృథా. పాత్ర అప్పటికే ఏదో పనిలో మునిగి ఉండగా మొదలుపెట్టండి.

చివర్లో "అదంతా కల". ఓపెనింగ్‌లో వేసుకున్న ప్రశ్నను మీరే చెరిపేసుకున్నట్టు. తీసేయండి.

వాయిస్ ఓవర్‌లో కథంతా చెప్పడం. వాయిస్ ఓవర్ తీసేసి చూడండి. అర్థం కాకపోతే ఒక వస్తువు షాట్ కలపండి, మాటలు కలపకండి.

సంగీతం మొదటి సెకను నుంచి మోగడం. మొదటి ముప్పై సెకన్లు గది శబ్దాలే ఉంచండి. సంగీతం వచ్చినప్పుడు అది వచ్చినట్టు తెలియాలి. యూట్యూబ్ ఆడియో లైబ్రరీ, ఫ్రీసౌండ్ నుంచి తెచ్చినప్పుడు ఒక్కోదాని లైసెన్స్ అప్పటికప్పుడే నోట్ చేసుకోండి. కొన్నిటికి పేరు వేయాలి, కొన్నిటికి అక్కర్లేదు.

రైల్వే స్టేషన్‌లో, మెట్రోలో రాసుకున్న సీను. అనుమతి లేకుండా అక్కడ తీయనివ్వరు. బస్టాపు బెంచీ మీద కూర్చోబెట్టి, రైలు శబ్దం వెనక నుంచి వినిపించండి.

సగం షూటింగ్ అయ్యాక జానర్ నచ్చకపోవడం. మళ్లీ మొదటికి వెళ్లకండి. తీసిన షాట్లను అలాగే ఉంచి, శబ్దం, రంగు, కట్‌ల వేగం మార్చి పక్క జానర్‌లోకి నెట్టండి. హారర్ సరిపోకపోతే థ్రిల్లర్ అవుతుంది, ప్రేమకథ తేలిపోతే ఫ్యామిలీ డ్రామా అవుతుంది. కామెడీని మాత్రం ఇలా మార్చలేం. అందుకే దానికి టెస్ట్ షూట్ రెండుసార్లు చేయమంటాను.

## 10. స్టోరీబోర్డు మొదలుపెట్టేముందు

కింద ఉన్నవన్నీ టిక్ అయితేనే పెన్సిల్ పట్టుకోండి.

- జానర్, దాని సన్నటి పేరు రాసి ఉంది
- లైన్ అందరూ ఒకేలా చెబుతున్నారు
- లొకేషన్ యజమాని సరే అన్నారు, తేదీ తెలుసు, వాన పడితే రెండో తేదీ కూడా ఉంది
- నటుల బట్టలు ఎంపికయ్యాయి, కంటిన్యుటీ కోసం (షాటుకీ షాటుకీ తేడా రాకుండా) ఫోటోలు తీశాం
- పద్దెనిమిదేళ్లలోపు నటుల తల్లిదండ్రులు ఒప్పుకున్నారు
- ఆనవాళ్లు మూడు, మార్చబోయేది ఒకటి రాసుకున్నాం
- టెస్ట్ షూట్ చూసిన ముగ్గురిలో ఇద్దరు జానర్ సరిగ్గా చెప్పారు
- రూమ్ టోన్ వినిచూశాం, లొకేషన్ పక్కన ఎక్కడా స్లాబు పని జరగడం లేదు
- తెలుగు ఫాంట్ మా సాఫ్ట్‌వేర్‌లో విడిపోవడం లేదు
- టెస్ట్ షూట్ ఫోటోలు, తిరస్కరించిన జానర్ల కాగితాలు ఒక ఫోల్డర్‌లో దాచాం

ఆఖరిదాన్ని వదిలేయకండి. ఎందుకు ఈ జానర్ అని టీచర్ అడిగినప్పుడు, రాతపనిలో రాయాల్సి వచ్చినప్పుడు, వదిలేసిన జానర్ల కాగితాలే మీకు సాక్ష్యం. ప్రతి కాగితం మీద తేదీ వేసి, ఎందుకు వద్దనుకున్నారో రెండు ముక్కల్లో ఆ రోజే రాసిపెట్టండి.